పెద్దబ్బాయి కోసం వచ్చారు, చిన్నబ్బాయి దగ్గర ఆగాం: పిల్లల ఊబకాయంపై ఒక కేస్ స్టడీ

నేను అమలాపురం దగ్గర పిల్లల వైద్యం చేస్తాను. ఒక జూన్ నెలలో, వైనతేయ గోదావరి అవతల ఉన్న లంక గ్రామం నుంచి ఒక మామ్మగారు ఇద్దరు మనవల్ని వెంటబెట్టుకుని వచ్చారు. పంటు మీద ఏరు దాటి, ఆటో పట్టుకుని, చీటీ రాయించుకుని కూర్చునేసరికి పదకొండు దాటింది. చూపించాల్సింది పెద్దబ్బాయిని. అతనికి 13 ఏళ్ల 2 నెలలు. చిన్నబ్బాయి అతని బాబాయి కొడుకు, 11 ఏళ్ల 4 నెలలవాడు. ఇంట్లో ఒక్కణ్ణీ వదల్లేక తీసుకొచ్చారు, అంతే. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పెద్దబ్బాయి చేతిలో ఒక కాగితం ఉంది. బడిలో పెట్టిన ఆరోగ్య క్యాంపులో రాసిచ్చారు: బీపీ 138/88, ఊబకాయం. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. కూరల్లో ఉప్పు తగ్గించారు, కబడ్డీ మాన్పించారు. బడిలో పిల్లలు అంతకుముందే "బొండం" అని పిలిచేవాళ్లట. క్యాంపు తర్వాత ఆ పిలుపు ఇంకా ఎక్కువైంది. ఆ అబ్బాయి నాతో మాట్లాడినంతసేపూ తల ఎత్తలేదు.

ముందు బీపీ సంగతి తేల్చాలి. అతని భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత 29 సెంటీమీటర్లు ఉంది. బీపీ పట్టీ లోపల గాలి నిండే సంచి వెడల్పు ఆ చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి, పొడవు 80 నుంచి 100 శాతం చుట్టి రావాలి. వీడికి పదమూడేళ్లే కదా అని పిల్లల పట్టీ కడితే అది చాలదు. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పైగా క్యాంపులో వరసలో నిలబెట్టి, పరిగెత్తుకొచ్చిన పిల్లవాడికి అప్పటికప్పుడు చూస్తారు. మేము అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాం. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు తగిలేలా, కుడి చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, పెద్దవాళ్ల పట్టీతో చూస్తే 116/72 వచ్చింది. మరో రెండు రోజుల్లో మళ్లీ మళ్లీ చూసినా 120 దాటలేదు. పదమూడేళ్లు నిండిన పిల్లలకు 120/80 లోపుంటే మామూలే. ఆ కాగితం మీది అంకె వల్ల ఒక పిల్లవాడు నెల రోజులు ఆట మానేశాడు. ఈ ఒక్క సంగతే ఇంకో పది మంది డాక్టర్లకూ నర్సులకూ చేరితే చాలనిపిస్తుంది నాకు. పిల్లల దగ్గర బీపీ చూసేవాళ్ల సంచిలో కనీసం మూడు నాలుగు సైజుల పట్టీలు ఉండాలి.

పెద్దబ్బాయి ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క, 27.5. మన దేశపు పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో తెచ్చిన ఎదుగుదల చార్టుల్లో, పెద్దవాళ్ల బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైన గీత దాటితే ఊబకాయం. పెద్దబ్బాయి ఆ రెండో గీత పైనే ఉన్నాడు. కానీ నడుము కొలత 81. ఎత్తులో సగం కంటే ఒక సెంటీమీటరు తక్కువ. మెడ మీద నలుపేమీ లేదు. గురక లేదు. రోజూ సైకిలు తొక్కి రేవుకొస్తాడు, క్యాంపు కాగితం వచ్చేదాకా సాయంత్రం కబడ్డీ ఆడేవాడు. పుట్టినప్పుడు బరువు 3.2 కిలోలు. పదేళ్లు దాటి ఊబకాయం ఉంటే పరీక్షలు చేయడం పద్ధతి కాబట్టి రక్తం తీయించాను.

ఇదంతా మామ్మగారికి చెబుతున్నప్పుడు చిన్నబ్బాయి చేతిలోంచి పెన్ను జారి కింద పడింది. తీసుకోవడానికి వంగాడు. చొక్కా కాలరు వెనక మెడ మీద నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ముడతలు కనిపించాయి. ఆ నలుపు చుట్టూ ఎర్రగా గీరుకుపోయిన గీతలు.

"ఇదేంటి మామ్మగారూ?"

"మట్టండీ. ఎంత రుద్దినా పోవట్లేదు. సున్నిపిండితో రుద్దాను, కొబ్బరి పీచుతో కూడా రుద్దాను. స్నానం సరిగ్గా చెయ్యడండీ ఈడు."

చంకల్లో కూడా అదే నలుపు. "వీడికి కూడా కార్డు రాయించండి" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. "చిన్నోడికేం పర్లేదండీ. మా ఇంట్లో ఈడే సన్నం" అన్నారు.

పెద్దవాడి పక్కన నిలబెడితే నిజంగానే సన్నంగా కనిపిస్తాడు. ఎత్తు 141, బరువు 47.5 కిలోలు, బీఎంఐ 23.9. ఊబకాయం గీతను కాస్తే దాటాడు. కాళ్లూ చేతులూ పలుచగా ఉన్నాయి. కానీ నడుము చుట్టుకొలత 82 సెంటీమీటర్లు. తనకంటే 23 సెంటీమీటర్లు పొడుగైన అన్నయ్య నడుము కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ! నడుమును ఎత్తుతో భాగిస్తే 0.58. ఈ లెక్కకు చార్టు అక్కర్లేదు, ఒక తాడు చాలు. పిల్లవాడి ఎత్తంత తాడు తీసుకుని సగానికి మడవాలి. ఆ సగం తాడు నడుము చుట్టూ రాకపోతే లోపల పేగుల చుట్టూ, కాలేయంలో కొవ్వు చేరుతోందేమో చూడాలి. నడుము కొలిచేటప్పుడు మాత్రం ఊపిరి వదిలాక, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య కొలవాలి. ప్యాంటు బెల్టు పెట్టుకునే చోట కాదు.

బీపీ సరైన పట్టీతోనే 118/76 వచ్చింది. పదమూడు లోపు పిల్లలకు పెద్దవాళ్ల అంకెలు పనికిరావు. వయసు, ఎత్తు, ఆడా మగా చూసి పర్సంటైల్ పట్టికలో, అంటే అలాంటి వంద మంది పిల్లల్లో ఈ పిల్లవాడి అంకె ఎన్నో చోట ఉందో చెప్పే పట్టికలో, వెతకాలి. తొందరగా వడపోయడానికి, పదకొండేళ్ల మగపిల్లవాడికి 110/74 దాటితే పట్టిక తీయాలని గుర్తు పెట్టుకుంటే చాలు. రెండు వారాల తర్వాత ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి చూస్తే రెండుసార్లూ 114/76. పట్టికలో 90వ పర్సంటైల్ పైన, 95కు కింద. అంటే హై బీపీ కాదు, కానీ మామూలూ కాదు. కాలి నాడి చూశాను, కాలి బీపీ కూడా చూశాను. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమనిలో ఇరుకు ఉంటే అక్కడ తేడా దొరుకుతుంది. ఏమీ లేదు.

లావుగా ఉన్న పిల్లవాణ్ణి చూడగానే "థైరాయిడ్ ఏమో" అని అడిగేవాళ్లు చాలామంది. హార్మోన్ జబ్బు వల్ల ఒళ్లు వస్తే పిల్లవాడు పొట్టిగా ఉంటాడు, ఎదుగుదల మందగిస్తుంది. ఈ అబ్బాయి వయసుకు తగ్గ ఎత్తే ఉన్నాడు. బడి ప్రోగ్రెస్ కార్డులో కిందటేడు రాసిన ఎత్తుతో పోలిస్తే 5 సెంటీమీటర్లు పెరిగాడు. ఆ వైపు ఎక్కువ వెతకనవసరం లేదు. ఎవరో చెప్పారని మామ్మగారు ఇన్సులిన్ పరీక్ష కూడా అడిగారు. దానికి పిల్లల్లో ఒప్పుకున్న హద్దు లేదు. యుక్తవయసులో ఇన్సులిన్ ఎలాగూ పెరుగుతుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదని మెడ మీది నలుపే చెప్పేసింది కాబట్టి ఆ డబ్బు దండగ అని చెప్పాను.

ఇంటి చరిత్ర అడిగాను. తాతగారు 52 ఏళ్లకు గుండెపోటుతో పోయారు. చిన్నబ్బాయి తండ్రికి 36 ఏళ్లు, రెండేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాడు. రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలా పని. తల్లి నాలుగేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. మా కోనసీమలో ఇది కొత్త సంగతి కాదు. తల్లి గల్ఫ్‌లో ఉండి, మామ్మ చేతుల మీద పెరిగే పిల్లలు నా దగ్గరకు రోజూ వస్తారు.

పుట్టినప్పటి బరువు అడిగితే మామ్మగారికి అంకెతో సహా గుర్తుంది. 2 కిలోల 100 గ్రాములు. కోడలికి నెలలు నిండే ముందు బీపీ పెరిగి ఆపరేషన్ చేశారట. "పిల్లి పిల్లంత ఉన్నాడండీ. నేనే డబ్బా పాలూ, నెయ్యీ పెట్టి పెంచాను. రెండేళ్లకు చూసినవాళ్లు దిష్టి కొట్టేవాళ్లు" అన్నారు గర్వంగా. ఆవిడ గర్వాన్ని నేను తప్పు పట్టలేను. తూకం తక్కువగా పుట్టిన బిడ్డ బతికి బట్టకట్టడమే ఒకప్పుడు పెద్ద సంగతి. కానీ వైద్యంగా చూస్తే ఇక్కడే కథ మొదలైంది. మన దేశపు బిడ్డలు పుట్టుకతో బరువు తక్కువున్నా, లోపల కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుందని పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఏళ్ల తరబడి చేసిన పనిలో తేలింది. సన్నగా కనిపించే కొవ్వు బిడ్డలు. అలా పుట్టిన బిడ్డ ఆ తర్వాత త్వరత్వరగా ఒళ్లు చేస్తే, కండ కంటే కొవ్వు ముందు చేరుతుంది. పెద్దబ్బాయి 3.2 కిలోలతో పుట్టాడు. ఒకే తాతకు మనవలైనా ఇద్దరి శరీరాలూ ఒకటి కావు.

మొదటి రక్త పరీక్షలో ఒక పొరపాటు జరిగింది. పరగడుపున రమ్మంటే, పంటు కోసం రేవులో ఆగినప్పుడు చిన్నబ్బాయి టీలో రస్కు ముంచుకు తిన్నాడు. రక్తంలో తిరిగే కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్, 240 వచ్చాయి. ఏమీ తినలేదని ముందు అన్నాడు. ఒక్కణ్ణే కూర్చోబెట్టి మెల్లగా అడిగితే చెప్పాడు. దూరం నుంచి వచ్చే పిల్లలకు పన్నెండు గంటల పరగడుపు మాటలంత తేలిక కాదు. రెండోసారి రాత్రికే ఊళ్లో చుట్టాలింట్లో ఉండి, పొద్దున్నే మొదటి నమూనా ఇచ్చారు.

పెద్దబ్బాయివి: పరగడుపు షుగర్ 88, ట్రైగ్లిజరైడ్స్ 84, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 47, కాలేయపు ఎంజైమ్ ఎస్‌జీపీటీ 21. ఒక్కటీ గీత దాటలేదు.

చిన్నబ్బాయివి: ట్రైగ్లిజరైడ్స్ 186. పదేళ్లు దాటిన పిల్లలకు 90 లోపుండాలి, 130 నుంచి ఎక్కువ. హెచ్‌డీఎల్ 34, అది 45 పైన ఉంటే మంచిది, 40 కంటే తగ్గితే తక్కువ. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 104, దాంతో గొడవ లేదు. పరగడుపు షుగర్ 97. ఎస్‌జీపీటీ 43.

ఆ 43 దగ్గర కాసేపు ఆగాలి. ల్యాబ్ కాగితం మీద పక్కన "45 వరకు నార్మల్" అని అచ్చు వేసి ఉంది. ఎర్ర గుర్తు లేదు, నక్షత్రం లేదు. కానీ ఆ హద్దు పెద్దవాళ్లది. అందులోనూ కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లను కూడా కలిపి తీసిన హద్దు. పిల్లల కాలేయ నిపుణులు 2017లో ఇచ్చిన మార్గదర్శకంలో మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22 దాటితే ఎక్కువే. ఆ లెక్కన ఈ అబ్బాయి ఎంజైమ్ ఉండాల్సిన దానికంటే ఒకటిన్నర రెట్లు పైన ఉంది. నార్మల్ అని చెప్పి పంపిన ఇలాంటి రిపోర్టులు నేను ఎన్నో చూశాను. అల్ట్రాసౌండ్ రాయలేదు. కాలేయంలో కొవ్వు కొద్దిగా ఉంటే స్కాన్‌కు దొరకదు, దొరకనంత మాత్రాన లేదని ధైర్యం చెప్పలేం. మూడు నెలల తర్వాత ఎంజైమ్ మళ్లీ చూడాలి. అప్పటికీ హద్దుకు రెట్టింపు దాటి ఉంటే, లేదా ఎప్పుడైనా 80 దాటితే, హెపటైటిస్ లాంటి వేరే కారణాలు వెతకాలి.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ అంటారు. కానీ ఈ అబ్బాయి కళ్లు పాలిపోయి ఉన్నాయి. హిమోగ్లోబిన్ 10.4, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 9. కడుపునిండా తింటున్న పిల్లవాడికి ఇనుము లేదు! ఇనుము తక్కువైతే ఎర్ర కణాలు ఎక్కువ రోజులు తిరుగుతాయి, ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ఆ అంకెను పక్కనబెట్టి గ్లూకోజ్ నీళ్లు తాగించి చూశాం. కిలోకు 1.75 గ్రాముల చొప్పున లెక్కిస్తే 83 గ్రాములొస్తుంది, కానీ 75 దాటకూడదు. రెండు గంటల తర్వాత షుగర్ 148. 140 దాటితే తేడా ఉన్నట్టే, 200కు వస్తే డయాబెటిస్. అంటే ఏ1సీ అతిశయం చేసి ఉండొచ్చు గానీ, అబద్ధం మాత్రం చెప్పలేదు.

పదేళ్లు దాటిన పిల్లలకు మెటబాలిక్ సిండ్రోమ్ అని ఒక నిర్వచనం ఉంది. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2007లో ఇచ్చింది. పెద్ద నడుముతో పాటు ఇంకో రెండు తేడాలుండాలి. ట్రైగ్లిజరైడ్స్‌తో, హెచ్‌డీఎల్‌తో ఈ అబ్బాయి అందులోకి వస్తాడు. కానీ దాంట్లో బీపీ హద్దు 130/85. ఈ అబ్బాయి బీపీని, ఎంజైమ్‌ని, 148ని అది పట్టించుకోదు. నేను ఆ పేరు మీద పెద్దగా ఆధారపడను. పేరు పెట్టడం కంటే ఏ ముక్క ఎంత పెరిగిందో రాసుకుని, ఒక్కోదాన్ని వెంటాడటమే నాకు పనికొచ్చింది.

మామ్మగారికి చెప్పడం నాకు అన్నిటికంటే కష్టమైన భాగం. ఆవిడకు కాలువ తెలుసు. "కాలువలో గుర్రపుడెక్క పట్టేస్తే ఏమవుతుంది మామ్మగారూ?" అని అడిగాను.

"లాకు దగ్గర ఎంత నీరొదిలినా శివారు చేనుకు అందదండీ."

"మరేం చేస్తారు?"

"ఇంకా ఒదలమని గొడవ చేస్తారండీ. గట్టు మీదకొచ్చేస్తాది నీరు."

అదే జరుగుతోంది అన్నాను. కాలేయంలో, కండలో కొవ్వు చేరి దారి మూసుకుపోతే, షుగర్‌ను లోపలికి పంపే ఇన్సులిన్ మామూలుగా వస్తే చాలదు, ఒళ్లు ఇంకా ఇంకా వదలాల్సి వస్తుంది. పొంగిన ఇన్సులిన్ చర్మాన్ని మందం చేస్తుంది. మెడ మీద ఉన్నది మట్టి కాదు, గట్టు దాటిన నీరు. తిన్న తీపిని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపడం వల్లే ఆ 186. మామ్మగారు మనవడి మెడ మీద ఎర్రగా గీరుకుపోయిన చోట వేలితో తడిమారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఊరికే కొట్టానండీ ఈణ్ణి" అన్నారు.

ఏం తింటాడో చెప్పమంటే తేడాగా ఏమీ కనిపించలేదు. బడి భోజనం తింటాడు. ట్యూషన్ దగ్గర బండి మీద నూడుల్స్, కూల్‌డ్రింక్ ఒకటి రెండు సీసాలు. ఒక్కో 250 మిల్లీలీటర్ల సీసాలో అయిదారు చెంచాల పంచదార ఉంటుంది. రాత్రి మామ్మ కొసరి కొసరి పెట్టే అన్నం. "వాళ్లమ్మ దగ్గర లేదండీ, తిండైనా కడుపు నిండా పెట్టొద్దాండీ?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అన్నం తగ్గించమని ఆ రోజు అనలేదు.

నిద్ర గురించి అడిగినప్పుడు అసలు ముడి దొరికింది. రోజూ రాత్రి పన్నెండు దాటాక గానీ పడుకోడు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. తల్లికి పని అయ్యేది అక్కడ తొమ్మిదిన్నరకు. అప్పుడు ఫోన్ చేస్తుంది. ఇక్కడ అప్పటికి పన్నెండు. అందాకా మేలుకుని ఉండటానికి బిస్కెట్లు, ఫోనులో ఆటలు. పొద్దున్నే ఆరుకు లేవాలి, పంటు అందుకోవాలి. బడిలో నిద్రపోతున్నాడని టీచరు చెప్పారట. ఈ వయసు పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గని నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే ఆకలీ పెరుగుతుంది, ఇన్సులిన్ పనీ మందగిస్తుంది. గురక ఉందా, మధ్యలో ఊపిరి ఆగుతోందా అని కూడా కనుక్కున్నాను. అలాంటిదేమీ లేదు.

వాళ్లమ్మతో వీడియోలో మాట్లాడాను. నావల్లే ఇలా అయిందా అని అడిగింది. కాదమ్మా, ఒక్క గంట మార్చుకుంటే చాలన్నాను. ఆవిడకు మధ్యాహ్నం రెండున్నరకు కాస్త ఖాళీ దొరుకుతుంది. ఇక్కడ సాయంత్రం అయిదు, పిల్లవాడు బడి నుంచి వచ్చే వేళ. ట్యూషన్‌కు ముందు అరగంట అమ్మతో మాట్లాడటం, శుక్రవారం సెలవు రోజు ఎక్కువసేపు. రాత్రి తొమ్మిదికి పడక. నేను రాసిన మందుల చీటీలో మొదటి మందు ఇదే.

మిగతావి ఒక్కోసారి ఒక్కటి చొప్పున కలిపాం. మొదటి నెల కూల్‌డ్రింక్ పోయి మజ్జిగ వచ్చింది. రెండో నెల సాయంత్రం నూడుల్స్ బదులు ఉడకబెట్టిన శనగలో, గుడ్డో, పెసరట్టో. మూడో నెల కంచంలో ముందు కూర, పప్పు వేసి, ఆ తర్వాతే అన్నం. బొమ్మిడాయిల పులుసూ, తోటకూరా ఇంట్లో ఎలాగూ ఉన్నవే. ఇనుము మాత్రలు, నులిపురుగుల మందు ఇచ్చాను. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కాబట్టి అది మానేశాడు. మెట్‌ఫార్మిన్ ఇవ్వలేదు. అది పదేళ్లు దాటిన పిల్లల్లో టైప్ 2 డయాబెటిస్‌కు వాడే మందు, ఇక్కడ ఇంకా ఆ జబ్బు రాలేదు. రోజుకు గంట ఆట కోసం వెతుక్కోనక్కర్లేదు, అన్నయ్య ఉన్నాడు. పెద్దబ్బాయికి కబడ్డీ ఆడొచ్చని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, బడికి చూపించమని ఇచ్చాను. తమ్ముణ్ణి కూడా ఆటకు తీసుకెళ్లే బాధ్యత అతనిదే. ఆ రోజు మొదటిసారి నా మొహం చూశాడు.

మూడు నెలలకు బరువు 47.3. "ఏమీ తగ్గలేదండీ" అని మామ్మగారు దిగులుపడ్డారు. ఎత్తు 1.3 సెంటీమీటర్లు పెరిగింది, నడుము రెండు తగ్గింది. ఎదిగే పిల్లవాడి బరువు ఆగితే చాలు, ఎత్తు మిగతా పని చేస్తుంది. ఎస్‌జీపీటీ 34. ఏ1సీ 5.5కు దిగింది గానీ, అందులో ఇనుము మాత్రల పాలెంతో, తిండి పాలెంతో విడదీసి చెప్పలేను.

వినాయక చవితికీ దసరాకీ మధ్య ఒకసారి దారి తప్పింది. తండ్రికి చెరువు దగ్గర నష్టం వచ్చి ఇంట్లో గొడవలు, పిల్లవాడు మళ్లీ రాత్రిళ్లు మేలుకోవడం, బండి దగ్గరకు పోవడం. రెండు విజిట్లు రాలేదు. ఫోన్ చేస్తే మామ్మగారు మొహమాటపడ్డారు, తిడతాననుకున్నారట. సంక్రాంతి వెళ్లాక వచ్చారు, మళ్లీ మొదటి నెల దగ్గర నుంచే మొదలుపెట్టాం.

తొమ్మిది నెలలకు, 12 ఏళ్ల 1 నెల వయసులో, ఎత్తు 145.8, బరువు 48.4, బీఎంఐ 22.8. నడుము 76, ఎత్తుతో చూస్తే 0.52. బీపీ 108/70. ట్రైగ్లిజరైడ్స్ 118, హెచ్‌డీఎల్ 39, ఎస్‌జీపీటీ 29. గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు 126. హిమోగ్లోబిన్ 12.3. మెడ నలుపు పలచబడింది గానీ పోలేదు, అది నెలలు పడుతుంది. ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, ఎంజైమ్ ఇంకా గీతకు అవతలే ఉన్నాయి. ఆరు నెలలకు వాటిని, ఏడాదికి గ్లూకోజ్ పరీక్షను మళ్లీ చేయాలి. పెద్దబ్బాయికి ఏటా బీపీ, నడుము చూస్తాం. అతని బరువు ఇంకో కిలో పెరిగింది, ఎత్తు నాలుగు సెంటీమీటర్లు.

ఆ రోజు మామ్మగారితో చిన్నబ్బాయి తండ్రి కూడా వచ్చాడు. ఎప్పుడూ చెరువు దగ్గరే ఉండే మనిషి. కొడుకు కాగితాలన్నీ చూశాక, మడతపెట్టిన తన షుగర్ రిపోర్టు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఏడాదిన్నర కిందటిది. పెద్దల డాక్టరు దగ్గరకు చీటీ రాసిచ్చాను.